పనికొచ్చే చెయ్యి

సత్యారావు కుడి చెయ్యి చెరుకు క్రషర్‌లో పడి మణికట్టు దాకా పోయి పదకొండు నెలలైంది. చోడవరం నుంచి గోవాడ వెళ్లే దారిలో అతనికి చిన్న బెల్లం బట్టీ ఉంది. ఉడికే పాకం చప్పుడు విని పెనం ఎప్పుడు దించాలో చెప్పగల మనిషి. ఆ ఏడాది బట్టీ పని బావమరిది దిలీప్ చూసుకున్నాడు. సత్యారావు పెనం చుట్టూ తిరుగుతూ, "కలపరా, అడుగంటతంది" అని అరిచేవాడు. ఒక్కచోట కూర్చోలేకపోయేవాడు. లేని వేళ్లు దురద పెట్టేవి. గోక్కోవడానికి అక్కడేమీ ఉండేది కాదు.

విశాఖపట్నంలో ఒక ఉచిత శిబిరంలో అతనికి ప్లాస్టిక్ చెయ్యి అమర్చారు. చామనఛాయ రంగు, గోళ్లు, అరచేతిలో గీతలు కూడా ఉన్నాయి. అతని భార్య ఝాన్సీ దాన్ని చూసి ఏడ్చేసింది.

"అచ్చం మీ సెయ్యిలాగే ఉందండి."

నెల రోజులు అది తొడుక్కు తిరిగాడు. పెళ్లిళ్లలో ఎవరూ తేడా గమనించలేదు. కానీ దాన్లో టీ గ్లాసు నిలిచేది కాదు. ఒకరోజు మొండిపట్టుతో బట్టీలో తెడ్డు పట్టుకున్నాడు. అది జారి పెనంలో పడింది. అందుకోబోయిన దిలీప్ పాదం మీద పాకం చిందింది. బొబ్బలెక్కిన ఆ కాలు చూసిన దగ్గర్నుంచి సత్యారావుకు తిండి సహించలేదు.

మర్నాడే చోడవరంలో వెల్డింగ్ షాపు నడిపే ప్రేమ్‌కుమార్ దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, తెడ్డు పట్టుకునే కొక్కెం ఒకటి సెయ్యాల."

"మంచి సెయ్యి ఇచ్చేరు కదరా."

"అది సూడ్డానికే అన్నా. నాకు పట్టుకోడానికి కావాల."

మొదటి కొక్కెం తోలుపట్టీతో సహా ఊడి వచ్చింది. రెండోది కొక్కెం కాదు, తెడ్డు కర్ర దూర్చే ఇనప కడియం. బాగానే పట్టింది కానీ మంట సెగకు వేడెక్కి చర్మం కాలింది. మూడోసారి వెళ్లేసరికి ప్రేమ్‌కుమార్ విసుక్కున్నాడు.

"సుబ్బరంగా ఆలోసించి ఒకేసారి గీసుకుని రారాదా?"

"ఆలోసిస్తే ఏటి తెలస్తాది? పెనం కాడ పెడితే తెలస్తాది."

ఈసారి ఇనుముకూ చర్మానికీ మధ్య చెక్క ముక్క పెట్టి, లోపల సైకిల్ ట్యూబు చుట్టారు. సత్యారావు ఒక పెనం పాకమంతా తానే కలిపాడు. బెల్లం గట్టిగా, ఎర్రగా దిగింది. ఝాన్సీ మాత్రం ఆ కడియం వైపు చూడలేకపోయింది.

"జనం ఏటనుకుంటారు? నాకే బయమేస్తంది."

"పాకం కలిపింది ఇదే కదే. మరి దీన్ని సెయ్యి కాదంటే ఎలా?"

ఆమె మొహం తిప్పుకుని పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోసింది.

ఈ సంగతి విని చీడికాడ నుంచి రోజా అనే ఆవిడ ఆరేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. నూర్పిడి మిషన్‌లో ఆమె ఎడమ చెయ్యి పోయింది. సత్యారావు సంబరంగా తన కడియం విప్పి ఆమెకు పెట్టి చూపించాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఇది నానేటి సేసుకోను బాబూ? నాను పెనం కలపను. గుంటకి జడెయ్యాల," అంది కూతురి తల నిమురుతూ.

సత్యారావు కడియం వెనక్కి తీసుకున్నాడు. చెయ్యి అంటే ఏమిటో తనకు అంతుపట్టిందని ఇన్నాళ్లూ అనుకున్నాడు. తెలిసింది తెడ్డు సంగతి ఒక్కటే.

ఆ సాయంత్రం ఝాన్సీ తమ కూతురు ప్రవల్లికకు జడ వేస్తుంటే పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మెల్లగా ఎయ్యే. ఎడం సెయ్యి ఏటి సేస్తందో సూడనీ."

మూడుసార్లు విప్పించి మూడుసార్లు వేయించాడు. ప్రవల్లిక హోంవర్కు ఉందని గొడవ చేసింది. ఎడమ చెయ్యి చేసేది పెద్దగా ఏమీ లేదు, పాయలు కలిసిపోకుండా విడిగా పట్టుకోవడమే. అతను రోజా కోసం ఇనప పంగలకర్ర బొమ్మ గీస్తుంటే ఝాన్సీ అడ్డుపడింది.

"ఇనుముకి జుత్తు సిక్కడిపోద్ది. సెక్కతో సేసి, నున్నగా రుద్దండి."

ఇలాంటి వాటికి ఆమె సలహా ఇవ్వడం అదే మొదలు. వేపచెక్కను చాకుతో చెక్కి రెండు పళ్ల పంగ చేశాడు. కబురందుకుని వచ్చిన రోజా మొదటిసారి అది పెట్టి జడ వేస్తే కూతురు కెవ్వుమంది. నాలుగు వెంట్రుకలు పంగకే ఉండిపోయాయి. పళ్లు గుండ్రంగా అరగదీసి, ఝాన్సీ చెప్పిన చోట రబ్బరు తొడిగాడు. రెండు వారాల తర్వాత రోజా మళ్లీ వచ్చి, ఊపిరి బిగబట్టి జడ వేసింది. పక్కకు వంకర తిరిగింది కానీ కొస దాకా ఊడలేదు. ఆ పిల్ల చేత్తో తడుముకుని, తల్లివైపు ఒకసారి తిరిగి చూసి, బట్టీ బయటికి పరుగెత్తింది.

రోజా కళ్లు తుడుచుకుంది.

"రెండు జడలైతే అవుద్దా అన్నా? బళ్లో రెండు జడలే ఎయ్యమంటారు."

సత్యారావు అప్పటికే చాకు కోసం వెతుకుతున్నాడు.