పెంకుపురుగుకో న్యాయం, సీతాకోకచిలుకకో న్యాయం

కూరగాయల బండికి మైకు పెట్టమని ఎవరు చెప్పారో తెలియదు. పొద్దున్నే మా నల్లపాడు వీధినంతా నిద్రలేపి మరీ "టమాటా, టమాటా" అంటుంది; తీరా వెళితే బండిలో టమాటాలుండవు. మైకు వచ్చాక, కొసరుగా ఇచ్చే కరివేపాకు రెబ్బ కూడా మానేశారు. దాంతో మా ఆవిడ డాబా మీద కుండీలో కరివేపాకు మొక్క పెట్టింది. రెండు వేసవులు ఎండకు మాడిపోకుండా కాపాడింది. తొలి కోతతో వాళ్ల నాన్నగారికి కరివేపాకు కారం చేసిపెట్టాలని ఆశ.

పక్క కుండీలో వంగమొక్క. దాని ఆకుల్ని జల్లెడ చేసే ఇటుకరంగు పెంకుపురుగుల్ని ఆవిడ వేళ్లతోనే నలిపేసేది. నేనేమీ అనలేదు. కరివేపాకు మీద లావుపాటి పచ్చ గొంగళిపురుగు కనపడ్డ రోజు మాత్రం నా జువాలజీ డిగ్రీ లేచి కూర్చుంది.

"చంపకు. అది సీతాకోకచిలుక అవుతుంది."

"అయితే? అదీ ఆకే తింది, ఇదీ ఆకే తింటోంది. పెంకుపురుగుకో న్యాయం, దీనికో న్యాయమా?"

ఆ రెంటిలో మర్యాదస్తురాలు పెంకుపురుగే. చిన్నప్పుడూ ఆకే, పెద్దయ్యాకా ఆకే, దాచుకోవడమంటూ లేదు. సీతాకోకచిలుక అలా కాదు. చిన్నతనంలో మొక్కను బోడి చేసేసి, రెక్కలు రాగానే పుట్టి బుద్ధెరిగి తేనె తప్ప ముట్టనట్టు తిరుగుతుంది. ఈ సంగతి ఆవిడకు చెప్పలేదు.

తగువు ఫోన్లో మా మావగారి దాకా వెళ్లింది. ఆయన పర్చూరు దగ్గర మిర్చి వేస్తారు.

"మేం మిరప చుట్టూ ఆముదం వేస్తాం కదా అల్లుడుగారూ, పురుగు దాని మీదకి పోతుంది. ఈ పురుగుకి నిమ్మాకన్నా ఇష్టమే, మీరూ పక్కన ఓ నిమ్మమొక్క పెట్టి చూడండి," అన్నారు.

పెట్టాం. అంతవరకూ మా ఇంటి వైపు చూడని సీతాకోకచిలుకలు కూడా వచ్చి గుడ్లు పెట్టిపోయాయి. జానెడు నిమ్మమొక్క వాటి పిల్లలకు ఫలహారానికి సరిపోయింది. భోజనానికి అవి కరివేపాకు కుండీలోకి నడిచాయి. ఎకరాల మీద పనిచేసే ఉపాయం మా డాబాకి కాస్త పెద్దదయిందనుకుంటాను.

మావగారు చూడ్డానికి వచ్చేసరికి కరివేపాకు మొక్కకి పుల్లలే మిగిలాయి. ఆయన చూస్తుండగానే ఒక పుల్లకి వేలాడుతున్న గూడు పగిలి, నల్లటి సీతాకోకచిలుక బయటికొచ్చింది. తీరిగ్గా రెక్కలు ఆరబెట్టుకుని, పక్కింటి జామచెట్టు మీదుగా వెళ్లిపోయింది.

"బాగుందండీ," అన్నారాయన మర్యాదకి.

నేను ప్రకృతి గురించీ, ఓర్పు గురించీ రెండు మాటలు మొదలుపెట్టాను.

మా ఆవిడ పుల్ల విరిచి చూసి, "కంచంలో కరివేపాకు ఏరి పక్కన పెట్టే మనిషికి పోయిందేముంది?" అంది.