పోశమ్మ చీరకు ప్రవీణ లెక్క

సిద్దిపేటలో ఒక చేనేత సంఘం ఆఫీసులో ప్రవీణ కంప్యూటర్ ఆపరేటర్. అక్కడ అందరూ కాలిక్యులేటర్ నొక్కుతుంటే, ఆమె మాత్రం ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ పనిముట్టు నల్ల తెర తెరిచి, చీరల కొలతలున్న ఫైలు మీదే లెక్కలు వేసేది. వర్గమూలాలు, ఘాతాలు, సంవర్గమానాలు అన్నీ ఆ చిన్న పనిముట్టు కడుపులోనే ఉన్నాయి. సంఘానికి పనికొచ్చేవి మాత్రం రెండే. భాగహారంలో ముక్క మిగిలితే సీల్ దాన్ని పై అంకెకు పెంచుతుంది, ఫ్లోర్ కింది అంకెకు దించుతుంది. ప్రవీణ వేళ్లు ఎప్పుడూ సీల్ వైపే పోయేవి. నూలుకు అదే సరైనది మరి, తక్కువైతే మగ్గం ఆగిపోతుంది. పైగా కొసరు లేకుండా కూరగాయలు కొనడం ఆమెకు చేతకాదు.

ఆమె అత్త పోశమ్మ ఊరందరికీ, కుండ పట్టుకున్న గొల్లభామ బొమ్మల చీరలు నేసింది గానీ ఇంట్లోవాళ్లకు ఒక్కటీ నేయలేదు. ఇప్పుడు కంటి నరం ఎండిపోతోందని, పోయిన చూపు తిరిగి రాదని దవాఖానలో చెప్పేశారు. ఉన్న కాస్త చూపుతోనే మనవరాలికి, ప్రవీణ కూతురు హర్షిణికి, ఒక చీర నేయాలని కూర్చుంది. ఇదే ఆఖరిదని అందరికీ తెలుసు.

"అంచుకు బొమ్మలు ఎన్ని పడతయో గా మిషిన్ల చూసి చెప్పు పిల్లా. ఇంతకుముందు కంటితోనే అందాజ చేసుకుంటుంటి."

మగ్గానికి నిలువుగా ఎక్కించిన పడుగు పొడవును, ఒక బొమ్మా దాని పక్క ఖాళీ కలిపిన కొలతతో భాగించి, ప్రవీణ అలవాటుగా సీల్ కొట్టింది. పోశమ్మ ఆ అంకెను నమ్మి, వేళ్లతో తడుముకుంటూ నేసుకుపోయింది.

కొంగు మొదట్లోనే నేసేసింది, సర్దుకోవడానికి అక్కడ చోటు లేదు. చివరి గొల్లభామ సగంలో ఉండగా పడుగు అయిపోయింది. కుండ పట్టిన చెయ్యి వచ్చింది గానీ మనిషి నిండుగా రాలేదు. సగం బొమ్మ ఉన్న చీరను ఆ ఇంట్లో ఆడపిల్లకు కట్టించరు. పోశమ్మ అంచు తడిమి, చెయ్యి అక్కడే ఆపేసింది.

ప్రవీణ వంగి ఆ సగం బొమ్మను చూసింది. నూలు లెక్క తెచ్చి బొమ్మలకు పెట్టిన తన తెలివి తెల్లారినట్టే ఉంది.

"తప్పు నాదే అత్తమ్మ. కింది అంకె చెప్పేదుండె, పై అంకె చెప్పిన."

"అయితే గంతమట్టుకు విప్పు. నాకు కండ్లకు ఆనుతలేదు."

ప్రవీణ ఒక్కో పోగూ లాగింది. బొమ్మ పోయిన చోట ఉత్త పడుగు మిగిలింది.

"గిది సాదాగ నెయ్యాలె. నువ్వు గుంటల దిగు" అంది పోశమ్మ.

నేత కూడు పెట్టదని అంటూ, కాపురానికి వచ్చిన నాటి నుంచీ ప్రవీణ మగ్గం గుంటలో కాలు పెట్టలేదు. ఇప్పుడు దిగింది. పక్కనే కూర్చున్న అత్త చప్పుడు వింటూ, గట్టిగా కొట్టమనీ మెల్లగా కొట్టమనీ చెబుతూ పోయింది. అయ్యాక వేళ్లతో తడిమి చూసింది.

"వంకరొచ్చింది."

"విప్పాల్నా?"

"వద్దు, ఉండనీ. కండ్లు పోతయంటే నాకు భయం లేదు బిడ్డా. ఇంట్ల మగ్గం సప్పుడు పోతదనే భయం. రేపు ఇంకో పడుగు ఎక్కిద్దాం. నువ్వు నెయ్యి, నేను వింట."