రవంత జరుగు

కావలి నుంచి నెల్లూరు వెళ్ళే బస్సులో, ముగ్గురి సీటులో కిటికీ పక్కన నేను కూర్చున్నాను. మిగతా చోటంతా ఒక పెద్దావిడ, ఆమె నిమ్మకాయల సంచీ. ఇంతలో ఆఫీసు నుంచి ఫోన్. పరీక్షా ఫలితాల కోసం జనం ఎగబడి మా సైట్ పడిపోయేట్టుందట. అదే సర్వర్ మెమరీని పంచుకునే ఇంకో వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపలి కంప్యూటర్ లాంటిది, మాత్రం పనిలేక ఖాళీగా ఉంది.

“అది ఊరికే అంత చోటు పట్టుకుని కూర్చుంది. పక్కనున్నది ఊపిరాడక చస్తోంది. ముందు దాన్ని జరుపు!” అని అరిచాను.

“ఎవుర్ని పాపా, ‘అది’ అంటుండావ్? నన్నే అడగొచ్చు గదా!” అంటూ పెద్దావిడ సంచీని విసురుగా ఒళ్ళోకి లాక్కుంది.

“అయ్యో, మిమ్మల్ని కాదమ్మా, కంప్యూటర్ని!” అని సంగతంతా చెప్పాను.

ఆమె పగలబడి నవ్వింది. “పనైపోయినాక దాని చోటు దానికిస్తారా?”

“ఇచ్చేస్తాం.”

“అయితే సరే. రవంత జరుగు పాపా” అని, నిలబడి ఉన్న ఒక చంటిబిడ్డ తల్లిని మా మధ్య కూర్చోబెట్టింది. “నువ్వు దిగినాక నా చోటు నాదే” అని ఆమెకూ ముందే చెప్పేసింది.

సైట్ పడిపోలేదు. తర్వాత మెమరీని అలా సర్దే పని ఒక ప్రోగ్రాంకి అప్పగించాం. దాని పేరు ‘రవంత జరుగు’. మా టీములో తెలుగు రానివాళ్ళు కూడా దాన్ని నెల్లూరు యాసలోనే పలుకుతారు.