మిడతల పెళ్ళిలో వరుడి గోత్రం

వాన వెలిసిన పొద్దున, గరివిడిలో మా ఇంటి గోడ మీద వాలిన పచ్చటి పురుగుని, డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్న మా మేనకోడలు ఫోనులో ఫొటో తీసి, "ఇది మిడత కాదు మావయ్యా, కీచురాళ్ల వైపు సుట్టం. తోటి పురుగుల్ని ఏటాడి తింటాది" అంది. ఆరో తరగతిలోనే బడికి దండం పెట్టేసిన నాకు, నలభయ్యేళ్లనాటి ఒక పెళ్ళి గుర్తొచ్చింది.

గోగుచేలు మా తలల్ని దాటి పెరిగి, నార తీయడానికి నీళ్లలో నానేసిన గోగుకట్టల కంపు అన్నం ముద్దలోకి కూడా వచ్చేసే ఆ వానాకాలాల్లో, బొమ్మల పెళ్ళిళ్లు విసుగెత్తి మేం మిడతలకి చేసేవాళ్లం. మా మావ కూతురు శారద, ఊరగాయ సీసా మూతకి మేకుతో చిల్లులు పొడిచి, గరికపోచలు వేసి, ఒక చిన్న మిడతని కన్నకూతురిలా పెంచింది. దానికి నేను చేలోంచి పెద్ద వరుణ్ణి పట్టుకొచ్చాను. ఇద్దరిదీ పచ్చరంగే, ఇద్దరికీ ఆరేసి కాళ్లే, ఇద్దరూ గెంతుతారు. ఇంతకన్నా ఏ పెళ్ళిపెద్ద చూస్తాడు? వరుడికి ఒంటికన్నా పొడుగు మీసాలూ, ముందుకాళ్లకి ముళ్లూ ఉన్నాయిగానీ, మగవాడన్నాక ఆమాత్రం ఉండవా అనుకున్నాను.

"ఈడేటి బావా, రౌడీలాగున్నాడు" అంది శారద.

"మంచోడే. నాది పూచీ."

రేకుడబ్బా వాయించి, అటుకులూ బెల్లమూ పంచి, ఇద్దర్నీ ఒకే సీసాలో పెట్టాం. మధ్యాహ్నం అన్నాలు తినొచ్చి చూస్తే వరుడొక్కడే మీసాలు సర్దుకుంటున్నాడు. పెళ్ళికూతురివి రెండు కాళ్లు మిగిలాయి. శారద ఏడవలేదు. సీసా నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఆ వానాకాలమంతా నాతో మాట్లాడలేదు. మిడత గడ్డే తింటుందని బళ్లో చెప్పారు. తాతని అడిగితే అదీ మిడతే అన్నాడు. నాయనమ్మ పురుగేదైనా పురుగేనంది. తప్పు నాదో, పురుగుదో నాకు తేలలేదు.

మేనకోడల్ని గుచ్చి గుచ్చి అడిగాను. "ముళ్లకాళ్లు సూసి ముందర ఇలాంటివన్నీ ఒకే గుంపులో పెట్టీసారు మావయ్యా. కొన్నింటికి సుట్టరికమే లేదని ఇప్పుడు ఇడదీస్తన్నారు" అంది. పెద్ద చదువులవాళ్లు కూడా కాళ్లు చూసే సంబంధం కలిపారని విని కొంచెం ధైర్యమొచ్చింది. ఆ చేలన్నీ ఇళ్ల స్థలాలైపోయాయి, ఇప్పుడు పెళ్ళి చేద్దామన్నా మిడత దొరకదు. మనిషైనా ఉంది కదా అని పాతపట్నంలో కాపురమున్న శారదకి ఫోన్ చేసి, తప్పు నాది కాదని చెప్పాను.

"నాకప్పుడే తెల్సు బావా. ఆడు సేలో ఇంకో మిడతని తింటంటే సూసేను. నువ్వంత సంబరపడతన్నావని ఊరుకున్నాను."

"మరి నాతో మాట్లాడకపోడమేటే?"

"మాటాడితే సెప్పీస్తానని భయమేసింది" అంది.