వాన తగలని వీధి

మా ఊరికి ఒకటే వీధి. అటొక వరుస, ఇటొక వరుస, చివర కళ్లం, ఆపైన వరి పొలాలు. వరుసలో ఇళ్లన్నీ గోడకు గోడ ఆనించి కట్టారు. దొంగల భయానికని కొందరనేవారు. గోడ ఖర్చు ఇద్దరికీ చెరిసగం పడుతుందని మా మామగారు అనేవారు. ఈ ఊరి వాళ్లను ఎరిగినదాన్ని కనుక నేను రెండోదే నమ్ముతాను.

వరుస పొడవునా ఇళ్ల ముందు ఒకటే అరుగు, పైన పెంకుల చూరు. ఎంత వానలోనైనా తల తడవకుండా ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లిపోయేదాన్ని. ప్రతి గుమ్మం దగ్గరా “ఏటి కూర?” అని ఆపేవారు. విసుగొచ్చేది. కోడలిగా వచ్చి ఇన్నేళ్లయినా గొడుగు కొనలేదు.

ఇప్పుడు అందరూ పెంకులు దించి మేడలు కట్టుకున్నారు. కట్టుకోనీ, నాకేం కడుపుమంట లేదు. అరుగెందుకు కొట్టేయాలి? ఎవరి ప్రహరీ వారిది, ఎవరి గేటు వారిది. పాత చూరుతో నా ఇల్లొక్కటే మధ్యలో మిగిలింది.

మొన్న ముసురులో పప్పు ఉడుకుతుండగా చూస్తే చింతపండు నిండుకుంది. అలవాటుగా గిన్నె పట్టుకుని బయలుదేరాను. ఎనిమిది అడుగులకే అరుగు అయిపోయింది. ముందు వాన, దాని వెనక పక్కింటి ప్రహరీ. మేడ మీది కిటికీలోంచి ఆ ఇంటి కోడలు నన్ను చూసింది.

“ఏటత్తా, అలాగ నిలబడిపోనావు? ఏటైనా కావాలా?”

గిన్నెను కొంగు చాటుకు లాక్కున్నాను.

“ఏటీ లేదమ్మా, వాన సూస్తన్నాను.”