గుంట పడని పరుపు

డెలివరీ మనిషి మెట్లు దిగి పోయిన పది నిమిషాలకు మా నాన్న కొత్త పరుపును బ్లేడుతో కోశాడు.

నేను వంటింట్లో నీళ్లు తాగుతున్నాను. చర్రుమని చిన్న చప్పుడైంది. వచ్చి చూస్తే పరుపు మూల దగ్గర, కవరులో బొటనవేలంత చదరపు కంత. కోసిన గుడ్డముక్క నాన్న చేతిలో ఉంది. దాని అంచు నుంచి ఒక దారం లాగి, అగ్గిపుల్ల గీసి, కొసకు అంటించాడు. నల్లటి పొగ లేచింది. దారం కాలి బూడిద కాలేదు. కరిగి, ఆవగింజంత గట్టి ఉండగా మారి కొసన వేలాడింది. దాన్ని గోటితో నొక్కి చూశాడు.

"కాటన్ అన్నవ్ గద. పాలిస్టర్ ఇది."

వాపసు షరతులు మొత్తం ఏడు. మూడోది నాకు కంఠతా వచ్చు: కవరు చిరిగినా, కోసినా, మరక పడినా సరుకు వెనక్కి తీసుకోరు.

"నాయినా, ఏం జేసినవ్?"

"ఏం జేసిన? సరుకు చూసిన."

ఆయన దృష్టిలో అది తప్పు కాదు. భివండీలో ఇరవై రెండేళ్లు మగ్గాలు నడిపి, చెవులు మొద్దుబారాక, ఎనిమిదేళ్లుగా ఆ ఊళ్లోనే నార్పోలిలో ఒక బట్టల వ్యాపారి దగ్గర తాకాలు చూసే పని చేస్తున్నాడు. తాకా అంటే మగ్గం మీద నుంచి దిగిన బట్ట చుట్ట. తాకా వస్తే విప్పాలి, మూల కోయాలి, దారం కాల్చాలి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైతే నూలు, ఉండ కడితే పాలిస్టర్. ఈ మూడూ చేయకుండా సరుకు దించుకున్నవాణ్ని ఆ బజారులో పిచ్చివాడంటారు. ప్లాస్టిక్‌లో గట్టిగా చుట్టి వచ్చిన మా పరుపు కూడా చూడటానికి అచ్చం తాకాలాగే ఉంది. పక్కింటి పెద్దమ్మ గుమ్మంలో నిలబడి నవ్వింది కూడా: "ఏం కొడకా, పరుపు తెప్పిచ్చిన అన్నవ్, తాకా వచ్చింది! మీ నాయిన ఇంట్ల గూడ డ్యూటీ జేస్తడా ఏంది?"

చేశాడు.

పరుపు మా అమ్మ కోసం. ఇరవై ఏళ్లు కండెలు చుట్టే మిషన్ ముందు వంగి కూర్చున్న నడుము ఆమెది. వెన్నులో రెండు ఎముకల మధ్య బిళ్ల జరిగి నరాన్ని నొక్కుతోందని, నొప్పి అందుకే ఎడమ కాలి మడమ దాకా దిగుతోందని డాక్టరు చెప్పాడు. ఆరు వారాలు గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోవాలి, బరువు ఎత్తకూడదు. అప్పటికీ తగ్గకపోతే ఆపరేషన్. ఆ మాట వినగానే అమ్మ డాక్టరు ముందే అంది: "నడుముల కత్తి వెడ్తే నేను మళ్ల లేవ. చస్త గని చేపిచ్చుకోను." అప్పటికి నెల రోజులుగా ఆమె గోడకు ఒరిగి, కూర్చునే నిద్రపోతోంది.

నేను డిప్లొమా చదివాను. అంజూర్ ఫాటా గోదాములో సామాను మోసే బెల్టులు ఆగిపోకుండా చూసుకోవడం నా పని. ఏదైనా కొనాలంటే ముందు పట్టిక గీస్తాను. పరుపు కోసం కూడా గీశాను. పదకొండు పరుపులు, ఎనిమిది గడులు: పొడవు, వెడల్పు, మందం, ఫోము సాంద్రత, కవరు గుడ్డ, వారంటీ, వాపసు గడువు, తిట్టినవాళ్ల సంఖ్య. నార్పోలిలో గాదీ దుకాణాలు, అంటే దూది పరుపులు కుట్టి అమ్మేవి, ఉన్నాయని నాన్న ఒకసారి గుర్తు చేశాడు. అంతకుముందే ఒక దుకాణంలో అడిగి చూశాను. సాంద్రత ఎంత అంటే, "గట్టిగ ఉంటది సేట్" అన్నాడు. గట్టిగా అనేది కొలత కాదు. ఫోనులో మాత్రం అంకె ఉంది: ఘనపు మీటరుకు నలభై కిలోలు. మా స్తోమతకు అందే వాటిలో అంత అంకె ఉన్నది అదొక్కటే. బటన్ నొక్కేశాను.

కోసిన కంతలోకి వేలు పెట్టి నాన్న ఫోమును నలిపాడు. "లోపల గూడ దమ్ము లేదు, చూడు."

ఆ మాట నాకు కోపం తెప్పించింది. కానీ అనుమానం కూడా పుట్టించింది. కింద దారాల దుకాణంలో వేలాడదీసే తక్కెడ అడిగి తెచ్చి, పరుపును తాడుతో కట్టి తూచాను. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఐదంగుళాల మందం. నలభై సాంద్రత నిజమైతే ఎనిమిదిన్నర కిలోలు తూగాలి. ఐదు కిలోల రెండు వందల గ్రాములు తూగింది. తక్కెడ తప్పేమోనని ఐదు లీటర్ల నీళ్ల క్యాను వేలాడదీసి సరిచూశాను. తక్కెడ సరిగ్గానే ఉంది. లెక్క మూడుసార్లు వేశాను. ఇరవై నాలుగున్నర. సోఫా దిండులో కూడా అంతకంటే మంచి ఫోము వాడతారు.

ఫొటోలు తీసి, లెక్క రాసి, ఫిర్యాదు పంపాను. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. నా లెక్క గురించి ఒక్క మాట లేదు. 'కవరు కోసి ఉన్నందున వాపసు కుదరదు.' నేను పంపిన ఫొటోలోనే కంత చుట్టూ ఎర్ర గీత గీసి నాకే తిప్పి పంపారు.

అప్పుడు నేనన్న మాట ఇది. రాయకపోతే ఈ రాతకు అర్థం లేదు.

"తూకమేస్తే తెలుస్తుండె. కోసుడెందుకు? ముప్పై ఏండ్ల సంది చింపుడొక్కటే నేర్చినవ్. సదువు లేనోళ్ల చేతిల ఏది వెట్టినా ఇంతే."

నాన్న చేతిలోని గుడ్డముక్కను నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ పూట అన్నం తినలేదు. వంటింటి గడప మీద కూర్చుని అమ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

పొద్దున లేచేసరికి అమ్మ పరుపు మీద కాళ్లు చాపి కూర్చుని ఉంది.

"మస్తు నిద్ర పట్టింది బిడ్డా. మంచిగనే ఉన్నది పరుపు. గా కంతకు నేను మాసికేస్త. ఇగ లొల్లి బందు జేయుండ్రి."

నాకు నమ్మశక్యం కాలేదు. కానీ సంతోషమైంది. వంటింటి గోడ పక్కన ఇనుప మంచం వేసి పరుపును దాని మీదే పరిచాం. నేను, నాన్న ముందు గదిలో పడుకుంటాం. ఆ రోజు నుంచి ఫోనులో ఒక పట్టిక మొదలుపెట్టాను. పొద్దున్నే మంచం అంచున కూర్చుని షూ వేసుకుంటూ అడిగేవాణ్ని: "అమ్మా, ఇయ్యాల నొప్పి పదిట్ల ఎంత?" ఆమె కాసేపు ఆలోచించి చెప్పేది. ఏడు. ఆరు. ఆరు. ఐదు. మళ్లీ ఆరు. ఐదు. నాలుగు. నాలుగు. మూడు. గీత గీసి చూపిస్తే నాన్న కూడా తొంగి చూశాడు. మా మధ్య మాటలు తిరిగి మొదలైంది ఆ గీత పుణ్యమే. ఇరవై నాలుగున్నర సాంద్రత కూడా చాలేమోనని, చదివిందంతా తప్పేమోనని అనుకోవడం మొదలుపెట్టాను.

పదో రోజు పొద్దున షూ లేసు కట్టుకుని లేచి వెనక్కి చూశాను. నేను రోజూ కూర్చునే అంచు దగ్గర పరుపు కొద్దిగా కుంగి ఉంది. అలాంటి ఫోము కుంగుతుంది, అందులో వింత లేదు. అమ్మ నీళ్ల కోసం బయటికి వెళ్లింది. నా సంచిలో స్టీలు స్కేలు ఉంది. పరుపు మీద అడ్డంగా దారం బిగించి, కింద ఎంత సందు ఉందో కొలిచాను. అంచు దగ్గర పదకొండు మిల్లీమీటర్లు. రోజుకు ఐదు నిమిషాలు కూర్చున్నందుకు.

నడిమధ్య కొలిచాను. సున్నా.

తల పెట్టే చోట సున్నా. నడుము వచ్చే చోట సున్నా. దారం సరిగ్గా బిగించలేదేమోనని విప్పి మళ్లీ కట్టాను. సున్నాయే. అరవై కిలోల మనిషి, తొమ్మిది రాత్రులు, ఆ ఫోము మీద. గుంట పడకుండా ఉండటానికి ఒక్కటే దారి ఉంది.

మంచం కింద పిండి డబ్బా, దాని వెనక పాత బొంత. చెయ్యి పెట్టి చూశాను. ఇంకా వెచ్చగా ఉంది.

అమ్మ బిందె పక్కన పెట్టి లోపలికి వచ్చింది. బరువు ఎత్తకూడదన్న మాట కూడా అప్పుడే నాకు గుర్తొచ్చింది. నా చేతిలో బొంత చూసి ఆగిపోయింది.

"ఒక్కనాడన్న పన్నవా దీని మీద?"

"మొదలుగాల ఒక గంట పన్న. నడుం లోపలికి దిగబడ్డది. కాలు గుంజి గుంజి పానం పోయినట్టైంది. లేసి గోడకు కూసున్న."

"మరి అంకెలు?"

ఆమె పమిట కొంగుతో చేతులు తుడుచుకుంది. "తక్కువ చెప్తే నీ మొఖం మంచిగుంటుండె. ఒక్కతీరుగ తగ్గిస్తే అనుమానపడ్తవని నడుమ ఒకపారి పెంచి చెప్పిన."

గ్రాఫులో ఐదు తర్వాత మళ్లీ ఆరైన చోటు గుర్తొచ్చింది. నిజమైన కొలతలు అలాగే ఎగుడుదిగుడుగా ఉంటాయని, ఆ ఒక్క మలుపును చూసే నేను మొత్తం గీతను నమ్మాను.

"ఎందుకమ్మా? ఆపరేషన్ అంటే భయం గద నీకు?"

"భయమే. గని పరుపు మంచిగ లేదంటే నువ్వు మళ్ల కోసిందెవలని మొదలువెడ్తవ్. ఆనాడు మీ నాయిన మొఖం చూసినవా నువ్వు? నేను చూసిన." గొంతు తగ్గించి అంది: "గా గుడ్డపేలిక ఇంక జేబుల్నే ఉన్నది. అంగి ఉతికినప్పుడల్లా తీసి పక్కకు వెడ్తున్న. మళ్ల అండ్లనే ఏసుకుంటున్నడు."

నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు, భుజాన టవల్‌తో. చెవులు సరిగ్గా వినిపించని మనిషి ఎంత విన్నాడో నాకు తెలియదు. బొంతను, మంచాన్ని, నా చేతిలోని స్కేలును చూశాడు. ఆ స్కేలును దాచేయాలనిపించింది.

"తయారుగాండ్రి. నార్పోలి పోదాం" అన్నాడు.

"నీ డ్యూటీ?"

"ఇయ్యాల ఖాడా." ఖాడా అంటే పనికి పోకపోవడం. నాకు తెలిసినంత వరకు ఆ ఎనిమిదేళ్లలో ఆయనకది నాలుగోదో ఐదోదో.

రిక్షాలో అమ్మను మధ్యలో కూర్చోబెట్టుకున్నాం. గుంత వచ్చినప్పుడల్లా ఆమె నా మోకాలు గట్టిగా పట్టుకుంది. గాదీ దుకాణం ముందు దిగాక నేను అన్నాను, "నాయినా, ఆనాడు నేను..." ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఆఁ?" అన్నాడు. వెనక షెడ్డులో మగ్గాలు దడదడలాడుతున్నాయి. నేను ఇంకోసారి, గట్టిగా అనాల్సి వచ్చింది. నడిరోడ్డు మీద, అరిచినట్టు. "నేను అన్నది తప్పు!" పాన్ డబ్బా ముందున్న ఇద్దరు తిరిగి చూశారు. నాన్న తల ఊపి లోపలికి నడిచాడు.

దుకాణం ముసలాయన తెల్లగడ్డం నిండా దూది నూగు. సంగతి విని ఒక గాదీ లాగాడు. కింద కొబ్బరిపీచు, పైన దట్టించిన దూది అన్నాడు. నాన్న చెయ్యి అలవాటుగా బ్లేడు కోసం జేబులోకి పోయి, అక్కడే ఆగింది. ముసలాయన అది చూసి, కుట్టు దగ్గర తనే కత్తెరతో నాలుగు పోగులు తెంపి, "దేఖో సేట్, హాథ్ డాలో, జలాకే దేఖో" అన్నాడు. చెయ్యి పెట్టు, కాల్చి చూడు. ఏడు షరతుల్లో మూడోది ఆ దుకాణంలో లేదు. నాన్న కవరు దారం కాల్చాడు, దూది కాల్చాడు. కాగితం వాసన. అరచేతిలో మెత్తటి బూడిద. అది నా ముందు పెట్టాడు.

"అమ్మాకో సోనే దో" అన్నాడు ముసలాయన, అమ్మను దాని మీద పడుకోనివ్వమని.

అమ్మ సిగ్గుతో కొంగు నిండా కప్పుకుంది. "బజార్ల పండుకోవాల్నా? నలుగురు చూస్తరు!" ముసలాయన ఒక దుప్పటిని రెండు మేకులకు తగిలించి అడ్డం కట్టాడు. నేను, నాన్న ఆమెను చెరో వైపు పట్టుకుని పడుకోబెట్టి ఇవతలికి వచ్చాం. దుప్పటి కింద నుంచి ఆమె పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. ఎడమ పాదం బిగుసుకుని ఉంది.

కాసేపటికి అది పక్కకు వాలింది.

"అమ్మా, ఎట్లున్నది?" అన్నాను. జవాబు లేదు. మళ్లీ అడిగాను. లేదు. భయపడి దుప్పటి తప్పించి చూశాను. నోరు కొద్దిగా తెరిచి, వెల్లకిలా, చేతులు రెండు వైపులా వదిలేసి నిద్రపోతోంది. మగ్గాల మోత, రిక్షాల హారన్లు, నడి పగలు. ఆమె అలా వెల్లకిలా నిద్రపోవడం చూసి ఎన్నాళ్లయిందో లెక్క కట్టబోయి ఆపేశాను. నా చెయ్యి మాత్రం ఫోను మీదికి పోయింది.

"లేపి అంకె అడుగుతవా ఏంది?" అన్నాడు నాన్న.

ముసలాయన స్టూలు జరిపాడు. నాన్న దుప్పటికి అడ్డంగా కూర్చున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. అంతలో ఒక గిరాకీ వచ్చి, అడ్డం కట్టిన దుప్పటి వెనక గాదీ చూపించమన్నాడు. ముసలాయన నోరు తెరిచేలోపే నాన్న చెయ్యి అడ్డం పెట్టి, మెల్లగా అన్నాననుకుంటూ గట్టిగానే అన్నాడు:

"వో బిక్ గయా."

అది అమ్ముడుపోయిందట. ధర ఎంతో మేమింకా అడగనే లేదు.