గడియ పడిన వేటకత్తి

అరబ్బు దేశంలో నేను పనిచేసే అమ్ఘరా తుక్కు యార్డులో పాత అమెరికన్ జీపు విప్పుతుంటే సీటు కింద నాకో వేటకత్తి దొరికింది. మీట నొక్కితే బ్లేడు దానంతటదే బయటికొచ్చే పాతకాలపు మడతకత్తి. మేస్త్రీ దాన్ని నన్నే ఉంచుకోమన్నాడు. కానీ మీట ఎంత నొక్కినా కదల్లేదు. ఆ సాయంత్రం బస్టాపులో కూర్చుని, స్క్రూడ్రైవరుతో దాన్ని పెకలించబోయాను. పక్కనున్న కడప మనిషి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగన్నా! స్ప్రింగు తెగిందంటే ఖలాస్. మా కఫీల్, అదే మా అరబ్బు యజమాని, ఇట్లాంటివి అల్మారా నిండా పెట్టుకున్నాడు. అన్నీ తుడిచేది నేనే."

"ఇది పాడైపోయిందండి బాబూ," అన్నాను.

"యాడ పాడైంది? గడియ పడుండాది, అంతే."

మీట పక్కనున్న చిన్న గడియ చుట్టూ చేరిన ఇసుకను ఊది, గోటితో దాన్ని వెనక్కి జరిపాడు. కత్తిని గోడవైపు తిప్పి మీట నొక్కాడు. బ్లేడు టక్కున బయటికొచ్చింది. మళ్లీ మడిచి, గడియ వేసి, నా అరచేతిలో పెట్టాడు. ఇంతలో అతని బస్సు వచ్చింది. నేను అతని పేరు కూడా అడగలేదు.

ఇప్పుడు నా దగ్గర అలాంటివి ఆరున్నాయి, ఆరూ పనిచేస్తాయి. యార్డులో ఏది బిగుసుకుపోయినా, సుత్తి ఎత్తేముందు నన్నే పిలుస్తారు.